మంద నడిచే దారి

పాఠ్యభాగ ఉద్దేశం

పల్లెదారిలో పశువుల మంద ఎదురుపడడం మనకు కొత్త కాదు. నిత్యం చూసే ఆ దృశ్యం వెనుక భూమి చరిత్ర, చట్టం, శాస్త్రం, భాష ఇమిడి ఉన్నాయి. వాటిని విద్యార్థులకు తెలియజేయడం, కాపరి వృత్తి పట్ల గౌరవాన్నీ, రహదారిపై బాధ్యతనూ పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని ఎన్నుకొని, దానికి సంబంధించిన కారణాలనూ, పరిణామాలనూ క్రమపద్ధతిలో వివరించి, పాఠకుడిని ఆలోచింపజేసే రచన వ్యాసం.

పాఠం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో ఒకవైపు మహేంద్రగిరి, మరొకవైపు బంగాళాఖాతం. ఆ రెండింటి నడుమ ఇసుక కలిసిన నేలల్లో విస్తరించిన పచ్చని తోటల సీమకు ఉద్దానం అని పేరు. ‘ఉద్యానం’ అనే మాటే జనుల నోట ‘ఉద్దానం’గా మారిందని పెద్దలు చెబుతారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కనుచూపు మేర కనిపిస్తాయి. పలాస - కాశీబుగ్గ జంట పట్టణాలు జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి పొందాయి. దక్షిణాన టెక్కలి, దానికి సమీపంలో వలస పక్షులు విడిది చేసే తేలినీలాపురం, ఉప్పు మళ్లు పరచుకొన్న నౌపడ ఉన్నాయి. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి ఈ సీమను నిలువునా చీల్చుకొంటూ సాగిపోతుంది. ఆ రహదారి నుంచి తీరగ్రామాలకు అనేక చిన్న రోడ్లు చీలిపోతాయి.

ఆ చిన్న రోడ్ల మీద ఉదయం ఒకసారి, సూర్యాస్తమయ వేళ మరొకసారి వాహనాలు వేగం తగ్గించక తప్పదు. అప్పుడు దారి మందది. ముందుగా దారి తెలిసిన ముసలి ఆవు నడుస్తుంది. దాని వెనుక పాలిచ్చే ఆవులు, పెయ్యలు, కోడెలు నడుస్తాయి. ఆ తరువాత గేదెలు నింపాదిగా కదులుతాయి. అంచుల వెంట మేకలు పొదలను అందుకొంటూ పరుగులు తీస్తాయి. అన్నిటికన్నా వెనుక భుజాన తువ్వాలు, చంకలో గొడుగు, చేతిలో కర్ర, చోడి అంబలి నింపిన సీసాతో కాపరి వస్తాడు. అతడు తొందరపడడు. మంద నడకే అతని నడక. ఏ పశువు కుంటుతున్నదో, ఏది చూలుతో ఉన్నదో, ఏది పక్క చేనువైపు తల తిప్పుతున్నదో వెనుక నుంచే కనిపెడతాడు. నాలుకతో చేసే ఒక చప్పుడు, ఒక అదిలింపు, నేలమీద కర్ర తాటింపు అతని ఆజ్ఞలు.

ఆ మందలోని పశువులన్నీ అతనివి కానక్కరలేదు. ఊరిలోని పలు కుటుంబాల పశువులను ఒకరే కాయడం మన గ్రామాలలో చిరకాలంగా ఉన్న పద్ధతి. పూర్వం ఇందుకు ధాన్యరూపంలో ప్రతిఫలం ముట్టేది. రైతు ఇంట ఏడాది జీతానికి కుదిరే పాలేరును ఉత్తరాంధ్రలో ‘కంబారి’ అంటారు. పశువుల బాగోగులు కంబారి పనిలో భాగంగా ఉండేవి. నేడు యువకులు ఉపాధి వెతుక్కొంటూ హైదరాబాదు, చెన్నై, ముంబయి నగరాలకూ, గల్ఫ్ దేశాలకూ వలస వెళ్లడం వల్ల కర్ర ఎక్కువగా వృద్ధుల చేతుల్లోనూ, స్త్రీల చేతుల్లోనూ మిగిలింది. ఇతరుల పశువును కాసే వృద్ధునికి రహదారి ఒక నిత్యపరీక్ష. వాహనం తగిలి ఒక పాడిగేదె మరణిస్తే యజమానికి సమాధానం చెప్పవలసినవాడు అతడే. వాహనం నడిపిన యువకుడు గాయపడితే నిందలు పడవలసినవాడూ అతడే.

రోడ్డుమీద కనిపించే పశువులన్నీ ఒక్క తీరువి కావు. వీటిలో మూడు రకాలను గుర్తించాలి. కాపరి వెంట ఉండగా మేతకు వెళ్లివచ్చే మంద మొదటిది. యజమాని ఉండి కూడా పాలు పితికిన తరువాత ‘తిరిగి మేసి వస్తుందిలే’ అని తోలివేసే పశువు రెండవది. ఒట్టిపోయినదనో, పనికిరాదనో ఎవరూ పట్టించుకోక విడిచిపెట్టినది మూడవది. మొదటిదానికి కావలసినది దారి. రెండవదానికి కావలసినది యజమాని బాధ్యత. మూడవదానికి కావలసినది ఆశ్రయం. మూడింటినీ కలిపి ‘రోడ్డుమీది పశువుల బెడద’ అని ఒక్కమాటలో తేల్చివేసినప్పుడు దోషం లేని కాపరికి శిక్ష పడుతుంది. దోషమున్న యజమాని తప్పించుకొంటాడు.

దారి ఎవరిది?

మంద రోడ్డుపైకి వచ్చిందని మనం విసుక్కొంటాం. కాని అనేక చోట్ల మంద నడిచే దారిమీదికే రోడ్డు వచ్చింది. పూర్వం గ్రామాల మధ్య బండ్లకూ, పశువులకూ పుంతలు, డొంకలు ఉండేవి. ఊరి వెలుపల పశువులు చేరి నిలిచే చోటును మందబయలు అనేవారు. మేతబీడు, చెరువుగర్భం, శ్మశానం మొదలైనవాటితో పాటు పశువుల బయలు కూడా ఊరందరి ఉమ్మడి ఆస్తి. కాలక్రమంలో పుంతలు కంకరరోడ్లయ్యాయి, కంకరరోడ్లు తారురోడ్లయ్యాయి. బయళ్లలో కొన్ని ఇళ్లస్థలాలయ్యాయి, కొన్ని తోటలయ్యాయి, కొన్ని ఆక్రమణకు గురయ్యాయి. ఇరువైపులా ముళ్లకంచెలు లేచాయి. పశువు మారలేదు, దాని ఆకలి మారలేదు. దాని దారి మాత్రం తారుపూత పూసుకొన్నది.

వ్యవసాయంలో వచ్చిన మార్పులు కూడా ఇందుకు తోడయ్యాయి. ఖరీఫ్ వరి కోసిన తరువాత మోడు చేలలోకి ఊరి పశువులను స్వేచ్ఛగా వదలడం ఆచారం. పశువుకు మేత, చేనుకు ఎరువు. గొర్రెల మందలను రాత్రివేళ పొలంలో నిలిపించుకొని అందుకు గొల్లలకు ధాన్యమో, డబ్బో ఇచ్చే పద్ధతికి ‘మంద కట్టడం’ అని పేరు. ఆ తరువాత అదే తేమమీద మినుము, పెసర చల్లే రైతులు పెరిగారు. రెండవ పంట రైతుకు ఆదాయమే. కాని పశువులకు తెరచి ఉన్న చేలు అంతమేరకు మూతపడ్డాయి. జీడితోటలలో పిక్కలు రాలే వేసవినెలల్లో తోటలోకి పశువును రానివ్వరు. కొత్తగా నాటిన కొబ్బరిమొక్క చిగురును పశువు కొరికితే రైతు ఏళ్లనాటి ఆశ నేలపాలవుతుంది. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను విస్తారంగా కూల్చివేసింది. మళ్లీ మొక్కలు నాటుకొన్న రైతు ఎంత జాగ్రత్తగా కంచె కట్టుకొంటాడో ఊహించవచ్చు. అతని జాగ్రత్త తప్పు కాదు. కాని కట్టిన ప్రతి కంచె మందను మరికొంచెం రోడ్డువైపు నెడుతుంది.

సోంపేట ప్రాంతంలో ‘బీల’ అనే పల్లపుభూమి ఉన్నది. వానాకాలంలో నీరు నిలిచి, ఆ తరువాత పచ్చగడ్డి మొలిచే ఈ తడినేల చేపలకూ, వరికీ, పశువుల మేతకూ ఆధారం. అక్కడ బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాన్ని నిర్మించ తలపెట్టినప్పుడు చుట్టుపక్కల గ్రామాల రైతులు, మత్స్యకారులు, పశుపోషకులు ప్రతిఘటించారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణనష్టం సంభవించింది. రికార్డులలో ‘బంజరు’గా కనిపించే నేల ఊరివారికి బ్రతుకుతెరువు కావచ్చునని ఆ ఉద్యమం దేశానికి తెలియజేసింది. బీల వంటి ఒక మేతభూమి మిగిలితే వందల పశువులు రోడ్డుకు దూరంగా ఉంటాయి. అది పోతే ఆ పశువులన్నీ రోడ్డు అంచునున్న గడ్డికోసం వస్తాయి.

ట్రాక్టరు వచ్చిన తరువాత ఎద్దు విలువ పడిపోయింది. 2019లో జరిగిన 20వ పశుగణన ఈ మార్పును స్పష్టంగా చూపింది. 2012తో పోలిస్తే దేశంలోని గోజాతిలో ఆడపశువుల సంఖ్య సుమారు 18 శాతం పెరిగింది. మగపశువుల సంఖ్య సుమారు 30 శాతం తగ్గింది. పాలిచ్చే ఆవుకు ఇంట స్థానమున్నది గాని, దుక్కి లేని కోడెకు లేదు. అదే గణన దేశవ్యాప్తంగా విడిచిపెట్టిన గోజాతి పశువులు 50 లక్షలున్నాయని తేల్చింది. ఒకప్పుడు రైతుకు కుడిభుజమని పేరుపొందిన జీవి నేడు నడిరోడ్డున నిలబడడానికి ఇది ప్రధాన కారణం.

మేతకోసం జరిగిన పోరాటాలు

మేతకోసం వివాదాలు నేటివి కావు. మహాభారతంలోని విరాటపర్వంలో కథను మలుపు తిప్పినవి దక్షిణ, ఉత్తర గోగ్రహణాలే. ఆ కొలువులో సహదేవుడు అజ్ఞాతవాసం గడిపింది గోరక్షకుడుగానే. పదమూడవ శతాబ్దంలో యాదవవీరుడు కాటమరాజుకూ, నెల్లూరు పాలకునికీ మధ్య జరిగిన యుద్ధానికి కారణం మేతభూములమీది పుల్లరి. ఖడ్గతిక్కన ఆ యుద్ధంలోనే నేలకొరిగాడని ప్రతీతి. ఆ కథను గొల్లసుద్దులవారు తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఆంగ్లేయుల కాలంలో అడవిలో పశువులను మేపుకొన్నందుకు విధించిన పుల్లరిని ధిక్కరించి, పల్నాటి రైతులను కూడగట్టిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో కాల్పులకు బలి అయ్యాడు. రాజులు మారినా, ప్రభుత్వాలు మారినా పశువు ఎక్కడ మేయాలి అనే ప్రశ్న మారలేదు. అప్పుడు పన్ను రూపంలో ఎదురైన ఆ ప్రశ్న ఇప్పుడు రహదారి రూపంలో ఎదురవుతున్నది.

చట్టం ఏమంటున్నది?

పరుల చేనిలో పడిన పశువును తోలుకొనిపోయి బందెలదొడ్డిలో పెట్టడం, యజమాని జరిమానా చెల్లించి విడిపించుకోవడం మన పల్లెలకు తెలిసిన న్యాయం. ఇందుకు ఆధారం 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం. చేలకే గాక రహదారులకూ, కాలువగట్లకూ నష్టం కలిగించే పశువులకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. నేడు చాలా ఊళ్లలో బందెలదొడ్డి గోడలు కూలి, పేరు మాత్రమే మిగిలింది. శిక్ష సంగతి అటుంచి, పట్టుకొన్న పశువును కట్టివేయడానికి చోటే లేకపోవడం నేటి పంచాయతీల మొదటి సమస్య.

తన అధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్తపడకపోవడం నేరమని భారతీయ న్యాయసంహిత చెబుతున్నది. 2024 జూలై 1న అది అమలులోకి రాకముందు భారత శిక్షాస్మృతిలోనూ ఇటువంటి నిబంధన ఉండేది. విడిచిపెట్టిన పశువులను జాతీయ, రాష్ట్ర రహదారుల నుంచి తొలగించి ఆశ్రయాలకు తరలించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. విడిచిన పశువుల విషయంలో ఇది అవసరమైన ఆదేశమే. అయితే దీనిని అమలుచేసే సిబ్బంది కాపరి తోలుకుపోయే మందనూ, దిక్కులేని పశువునూ వేరుచేసి చూడాలి.

వాహనచోదకులు అంతగా పట్టించుకోని నిబంధన ఒకటి 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఉన్నది. వాహనాన్ని చూసి పశువు బెదిరి అదుపు తప్పుతుందని భావించి కాపరి ఆగమని కోరితే, వాహనచోదకుడు తన వాహనాన్ని ఆపి నిలపవలసినదే. ఆ చట్టంలోని 132వ సెక్షన్ కింద ఇది చోదకుని విధి. గుర్రం, ఆవు, ఏనుగు, ఒంటె, గాడిద, గొర్రె, మేక మొదలైనవన్నీ ఈ నిబంధనలోకి వస్తాయి. పెద్ద లారీ ఎదుట ఒక వృద్ధుడు చేయి ఎత్తినప్పుడు అతడు దయ కోసం అర్థించడం లేదు. చట్టం తనకు ఇచ్చిన హక్కును వినియోగించుకొంటున్నాడు. ఈ సంగతి లారీ నడిపేవారికే గాక ఆ వృద్ధునికీ తెలియాలి.

పశువు చూపు, పశువు నడక

పశువు ప్రవర్తన తెలిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి. ఆవు కన్నులు తలకు ఇరుపక్కలా ఉంటాయి. అందువల్ల అది తల తిప్పకుండానే తన చుట్టూ దాదాపు 330 డిగ్రీల మేర చూడగలదు. కాని సరిగా వెనుకవైపు దానికేమీ కనిపించదు. రెండు కన్నులూ కలిసి చూసే భాగం తక్కువ కాబట్టి దూరాన్నీ, వేగాన్నీ అంచనా వేయడం దానికి కష్టం. వెనుక నుంచి వచ్చిన వాహనం హఠాత్తుగా కంటబడినప్పుడు అది ఎటు తప్పుకోవాలో తోచక అడ్డంగా తిరుగుతుంది. పెద్దగా మ్రోగే హారన్ దానిని కదిలించదు, బెదిరిస్తుంది. బెదిరిన పశువు ఖాళీగా ఉన్న చోటికి కాక మందలోకి పరుగెత్తుతుంది. తల్లి రోడ్డు దాటితే దూడ ఆగదు. కాబట్టి ఒక పశువు దాటగానే దారి ఖాళీ అయిందని భావించరాదు.

రాత్రివేళ రోడ్డుమీద పశువులు పడుకోవడం మొండితనం కాదు. పగటి ఎండకు కాగిన తారు రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. వానాకాలంలో చుట్టూ బురద ఉన్నప్పుడు ఎత్తైన రోడ్డే పొడినేల. పైగా అక్కడ గాలి తగిలి దోమలు, ఈగలు తక్కువగా ఉంటాయి. మేసిన గడ్డిని తీరికగా నెమరువేయడానికి పశువుకు అటువంటి చోటు కావాలి. నల్లని గేదె నల్లని తారుమీద పడుకొంటే దీపాల వెలుగులో సైతం దగ్గరపడేదాకా కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క క్షణంలో సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. వేగం 80 అయితే 22 మీటర్లు. బ్రేకు మీద కాలు పడడానికి ముందే ఈ దూరం గడిచిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్క తెలిసిన యువకుడు చీకటిపడిన తరువాత పల్లెదారిలో వేగాన్ని గొప్పగా భావించడు.

ఎవరి ధర్మం వారిది

మంద ఎదురైనప్పుడు వాహనం వేగం తగ్గించాలి. హారన్ మానాలి. దీపాల వెలుగును నేలవైపుకు దించాలి. మందను చీల్చుకొని మధ్యనుంచి దూరరాదు. కాపరి చూపిన పక్కకు తప్పుకోవాలి. ‘మందను తియ్యవోయ్’ అని గద్దించడానికి బదులు ‘తాతా, ఏ పక్కనుంచి పొమ్మంటావు?’ అని అడిగితే, ‘కాసేపు ఆగు బాబూ, గేదెలు దిగిపోతాయి’ అనే జవాబు వస్తుంది. ఆ కాసేపు రెండు నిమిషాలకు మించదు. పశువుకు గాయమైతే వదిలిపోకుండా 1962 నంబరుకు ఫోన్ చేసి పశువైద్య సేవను కోరాలి. మనిషి గాయపడితే 108కి తెలియజేయడం అత్యవసరం.

కాపరి సైతం కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మలుపుల దగ్గర, వంతెనల దగ్గర మందను ఆపరాదు. వీలైనంతవరకు రోడ్డుకు ఒకే పక్కన నడిపించాలి. చీకటి పడకముందే ఊరు చేర్చాలి. ఇద్దరు తోడుంటే ఒకరు ముందు, ఒకరు వెనుక నడవడం మేలు. కొమ్ములకుగాని, మెడపట్టెకుగాని వెలుగుపడితే మెరిసే పట్టీ కడితే రాత్రి దూరం నుంచే పశువు ఉనికి తెలుస్తుంది. ఖర్చు స్వల్పమైన ఈ పనికి పంచాయతీలు, పాల సహకార సంఘాలు, కళాశాలల జాతీయ సేవాపథకం విద్యార్థులు చేయి కలపవచ్చు.

పశువుల యజమాని పాలకు మాత్రమే యజమాని కాడు. పశువును తోలివేసి, ప్రమాదం జరిగిన తరువాత నష్టపరిహారం కోసం ముందుకు రావడం న్యాయం కాదు. ప్రభుత్వ యంత్రాంగం వంతు ఇంకా పెద్దది. స్వర్ణ చతుర్భుజి పథకంలో జాతీయ రహదారి నాలుగు వరుసలై, మధ్యలో విభాగిని లేచాక పశువు ఒకటికి రెండుసార్లు వాహనప్రవాహాన్ని దాటవలసివస్తున్నది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే సరకు వస్తుంది, సరకుతో లారీలు వస్తాయి. రోడ్డు పటం గీసేటప్పుడే ఏ ఊరి మంద ఎక్కడ దాటుతుందో కాపరులను అడిగి, అక్కడ పశువులు పట్టేంత ఎత్తుగల క్రిందిదారి నిర్మిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. ఊరి ఉమ్మడి బయళ్లను కొలిచి, హద్దులు నాటి, గడ్డి పెంచి మళ్లీ మందకు అప్పగించడం అంతకన్నా ముఖ్యం. తొలగించడం కన్నా చోటు చూపడం శాశ్వత పరిష్కారం.

మంద ఇచ్చిన మాటలు

పశువుతో కలిసి బ్రతికిన జాతి కాబట్టి మన భాషనిండా మంద అడుగుజాడలున్నాయి. అల్లరి పశువు పరుగెత్తకుండా మెడలో వేలాడగట్టే కొయ్యను గుది అంటారు. మోయలేని బాధ్యతను మనం ‘గుదిబండ’ అంటున్నాం. ఒకరిని అదుపులో పెట్టడం ‘ముకుతాడు వేయడం’ అయింది. జ్ఞాపకాలను మళ్లీమళ్లీ తలచుకోవడం ‘నెమరువేయడం’ అయింది. దేవుని పేర అచ్చువేసి విడిచిన ఎద్దు ‘అచ్చోసిన ఆంబోతు’. ఎవరికీ లొంగక తిరిగేవాడికి ఆ పేరే పెట్టాం. పెద్దలు దారి తప్పితే పిల్లలు తప్పరా అని చెప్పడానికి ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అంటాం. పెళ్లివారి రాకకూ, పల్లె అందానికీ వాడే ‘గోధూళివేళ’ అన్న మాట మంద ఇంటికి మళ్లినప్పుడు లేచిన దుమ్ములోంచి పుట్టింది. తారురోడ్డుమీద ఆ దుమ్ము లేవదు. మాట మాత్రం నిలిచి ఉన్నది.

సంక్రాంతి మరునాడు కనుమ. ఆనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండలు వేసి మొక్కుతాం. ఏడాదిలో ఒకనాడు పూజ చేసి, మిగిలిన దినాలు వాటికి దారి ఇవ్వకపోవడం సంస్కృతి అనిపించుకోదు. రాకపోకల వేగం పెరగడం అభివృద్ధిలో ఒక భాగం. ఆ వేగంలో నెమ్మదిగా నడిచేవారికి కూడా చోటు మిగల్చడం నాగరికత. కాపరి చేయి ఎత్తినచోట వాహనం ఆగిందంటే ఆ ఊరిలో చట్టమూ, సంస్కారమూ రెండూ నిలిచి ఉన్నట్లే.

కఠిన పదాలు - అర్థాలు

పుంత, డొంక : బండ్లు, పశువులు నడిచే ఊరిదారి
మందబయలు : ఊరి వెలుపల పశువులు చేరే ఖాళీ స్థలం
బందెలదొడ్డి : పట్టుకొన్న పశువులను ఉంచే దొడ్డి
పుల్లరి : పశువుల మేతకు చెల్లించే పన్ను
చోడి : రాగి (ఉత్తరాంధ్ర వాడుక)
కంబారి : ఏడాది జీతానికి కుదిరిన పాలేరు (ఉత్తరాంధ్ర వాడుక)
పెయ్య : ఆడదూడ
కోడె : వయసులో ఉన్న మగ పశువు
చూలు : గర్భం
ఒట్టిపోవు : పాలివ్వడం మానివేయు
నింపాదిగా : తొందర లేకుండా
విభాగిని : రోడ్డును రెండుగా విడదీసే మధ్యగోడ

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఉద్దానం ప్రాంతంలో పశువుల మందలు రహదారిపైకి రావడానికి గల కారణాలను వివరించండి.
2. మంద, వాహనం ఒకే దారిలో క్షేమంగా సాగడానికి చోదకుడు, కాపరి, యజమాని, ప్రభుత్వం నిర్వర్తించవలసిన బాధ్యతలను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రోడ్డుపై కనిపించే పశువులను రచయిత ఎన్ని రకాలుగా విభజించారు? ఆ విభజన ఎందుకు అవసరం?
2. ట్రాక్టరు రాకకూ, విడిచిన పశువులకూ గల సంబంధాన్ని పశుగణన ఆధారంగా తెలపండి.
3. మేతభూముల కోసం జరిగిన చారిత్రక పోరాటాలను పేర్కొనండి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఉద్దానం అనే పేరు ఏ మాటనుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు?
2. తిత్లీ తుపాను ఏ సంవత్సరంలో వచ్చింది?
3. కాపరి కోరినప్పుడు వాహనాన్ని ఆపాలని చెప్పే చట్టం ఏది?
4. ‘మంద కట్టడం’ అంటే ఏమిటి?
5. పశువు గాయపడినప్పుడు ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “తొలగించడం కన్నా చోటు చూపడం శాశ్వత పరిష్కారం.”
2. “అతడు దయ కోసం అర్థించడం లేదు.”
3. “పశువుల యజమాని పాలకు మాత్రమే యజమాని కాడు.”

V. సంధులు
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం - సవర్ణదీర్ఘ సంధి
మహేంద్ర = మహా + ఇంద్ర - గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశ సంధి

VI. సమాసాలు
పశుగణన : పశువుల యొక్క గణన - షష్ఠీ తత్పురుష
పల్లపుభూమి : పల్లమైన భూమి - విశేషణ పూర్వపద కర్మధారయం
రాకపోకలు : రాకయును పోకయును - ద్వంద్వం

VII. ప్రాజెక్టు పని
మీ ఊరిలోని ఒక కాపరిని కలిసి, పూర్వం మంద ఏ దారిన వెళ్లేదో, ఇప్పుడు ఏ దారిన వెళుతున్నదో అడిగి తెలుసుకొనండి. రెండు దారులనూ చూపుతూ ఊరి పటం గీసి, మంద రోడ్డు దాటే చోట్లను గుర్తించి, తరగతిలో ప్రదర్శించండి. పశువులకు సంబంధించిన పది జాతీయాలను, సామెతలను మీ ఇంటి పెద్దలనుంచి సేకరించి రాయండి.